మొదట కూర్చున్నావిడ

మార్చి 4

అక్కకి,

ఫోన్ చేసుకుంటే రెండో నిమిషానికల్లా పోట్లాడుకుంటాం కాబట్టి మన పాత ఒప్పందం ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. ఇది చదివాక నీకు నవ్వు రాకపోతే నన్నడుగు.

మా చొక్కాల ఫ్యాక్టరీలో సాయంత్రం సంచుల తనిఖీ గురించి నీకు చాలాసార్లు చెప్పాను కదా. మూడు వందల యాభై మంది ఆడవాళ్ళం, ఒక్క తలుపు, ఇద్దరు కాపలావాళ్ళు. ప్రతి సంచీ విప్పి, టిఫిన్ డబ్బా మూత కూడా తీసి, ఎవరైనా నాలుగు గుండీలు పట్టుకుపోతున్నారేమోనని వెతుకుతారు. చివర నిలబడ్డవాళ్ళు బయటపడేసరికి నలభై నిమిషాలు. పొద్దుటినుంచీ మిషను తొక్కిన కాళ్ళు అప్పటికి మన మాట వినవు.

నిన్న వరుస మధ్యలో ఉండగా నా ఎడమ చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. ఏం చేస్తాను, అక్కడే నేల మీద చతికిలబడ్డాను. నా వెనక కాజాలావిడ ఉంది. అదే, గుండీలకి కాజాలు కుట్టే పెద్దావిడ, ముప్ఫయ్యేళ్ళ సర్వీసు, రుమాలుతో తుడవందే కుర్చీలో కూడా కూర్చోదు. ఆవిడ నన్నొకసారి చూసి తనూ కూర్చుంది. ఆవిడ వెనకావిడ కూర్చుంది. నేను పట్టీ చూసుకుని తల ఎత్తేసరికి వరుస వరుసంతా నేల మీదే ఉంది!

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి, “ఏంటిది? లేవండి, లేవండి!” అన్నాడు. ఎవరూ లేవలేదు. కాజాలావిడ తాపీగా, “మేమెక్కడికీ పోవట్లేదు బాబూ. సంచులు ఇక్కడే ఉన్నాయి, వచ్చి చూసుకోమను” అంది. పాపం కాపలావాళ్ళు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి నడుం వంచి చూడాల్సొచ్చింది. గంటన్నర పట్టింది. ఒక్కరూ విసుక్కోలేదు సరికదా, పెళ్ళివారిలా కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు.

వెళ్ళేటప్పుడు ప్రతివాళ్ళూ నా భుజం తట్టి “గట్టిదానివే” అనడమే. చెప్పు తెగిందమ్మా అని చెప్పబోయాను, వినేవాళ్ళెవరు? జనం గుంపుల గురించి పాఠాలు చెప్పేది నువ్వూ, గుంపు ముందు చతికిలబడ్డది నేనూ! అమ్మకి చెప్తే, “ముందు కొత్త చెప్పులు కొనుక్కోవే” అంది.

నీ పిడుగు


మార్చి 9

పిడుగుకి,

నవ్వలేదు. రెండుసార్లు మామూలుగా చదివాను, మూడోసారి పెన్సిలు పట్టుకుని చదివాను.

నువ్వు రాసింది ఏమిటో నీకు తెలీదు. గుంపుల మీద పరిశోధన చేస్తానని నీకు తెలుసు గానీ అందులో దేనికోసం వెతుకుతున్నానో ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి మనిషిలోనూ ఒక గీత ఉంటుంది. కొందరికి పక్కన ఒక్కరు కదిలితే చాలు, తామూ కదులుతారు. కొందరికి పదిమంది కదలాలి, కొందరికి వందమంది. కానీ ఎవరూ కదలకముందే కదిలే మనిషి ఒకరుండాలి కదా. ఆ మొదటి మనిషి కోసం ఇరవై రెండేళ్ళుగా తిరుగుతున్నాను. నేను అక్కడికి చేరుకునేసరికి ఆ మనిషి ఎప్పుడూ జనంలో కలిసిపోయి ఉంటాడు. అడిగితే పదిమంది “నేనే” అంటారు, లేదంటే ఎవరూ అనరు. సైకిల్ షెడ్డు వైపు కిటికీ ఉన్న ఈ గదిలో మూడు బీరువాల నిండా కాగితాలున్నాయి. వాటిలో ఒక్క మొదటి మనిషి కూడా లేడు.

తీరా చూస్తే ఆ మనిషి నా పక్కన పడుకుని దుప్పటి అంతా లాక్కునే పిల్ల! ఇరవై రెండేళ్ళు ఎండలో వానలో తిరిగింది నేను. దొరికింది నీకు, అదీ వెతక్కుండా.

వేరే కాగితం మీద పదకొండు ప్రశ్నలు పంపుతున్నాను. నువ్వు కూర్చున్నాక ఎన్ని క్షణాలకి కాజాలావిడ కూర్చుంది, నీ చెప్పు ఆవిడకి కనిపించిందా, మూడో మనిషి మిమ్మల్ని చూసి కూర్చుందా లేక ఆవిడొక్కదాన్నే చూసి కూర్చుందా, ఇలాంటివి. మరిచిపోకముందే జవాబులు రాయి.

ఒక్క మాట. దీన్ని నెత్తికెక్కించుకోకు. తెగింది నీ చెప్పు, అంతకుమించి ఏమీ జరగలేదు. చిన్నప్పుడు బడి పరుగు పందెంలో నువ్వు మొదట వచ్చింది కూడా ముందున్న పిల్ల పడిపోవడం వల్లేనని నువ్వే వచ్చి చెప్పావు, గుర్తుందా? నీకెప్పుడూ అలా కలిసొస్తుంది.

అమ్మ మందులు వేళకి వేసుకుంటోందా?

అక్క


మార్చి 17

ప్రొఫెసరమ్మగారికి,

చెప్పు సంగతున్నవి మింగేసి మిగతా ప్రశ్నలు కాజాలావిడకి చదివి వినిపించాను. “ఎన్ని క్షణాలకా? మీ అక్కకి ఇంట్లో పనేమీ ఉండదా?” అంది. కోప్పడకు, ఆవిడ అందరితోనూ అంతే.

ఇక్కడ సంగతులు రాయాలంటే చెయ్యి నొప్పెడుతోంది. రోజూ సాయంత్రం కూర్చుంటున్నాం. రెండో షిఫ్టు వాళ్ళు కూడా మొదలుపెట్టారు. మేం అడిగేవి రెండే. ఇంకో తలుపు తెరవాలి, వరుసలో ఉన్న సేపు కూడా పనిగంటల్లో కలపాలి. పోయిన శుక్రవారం సెలవు పెట్టి గేటు బయట రోడ్డు మీద అందరం కూర్చున్నాం, ఇళ్ళల్లోవాళ్ళు కూడా వచ్చారు. నన్ను బల్ల ఎక్కించారు. ఏం మాట్లాడానో దేవుడికి తెలియాలి, చప్పట్లు మాత్రం కొట్టారు. పత్రికవాళ్ళు ఫోటో వేశారు, ముక్క కత్తిరించి పెట్టాను చూడు.

ఇల్లు ఇల్లులా లేదు. రెండు గదుల్లో ముప్ఫై మందిమి. ఎవరు ఏ వరుస చూసుకోవాలో రాసుకునే పలక ఒకటుంది. హాల్లో నీ పట్టా ఫోటో దింపి ఆ మేకుకి దాన్ని తగిలించాం. అమ్మే దింపింది. అమ్మ హుషారు చూస్తే నువ్వు నమ్మలేవు, వీధిలో ఎవరు కనబడినా ఆపి మరీ చెప్తోంది.

యాజమాన్యంతో చర్చలకి ఐదుగురిని ఎన్నుకున్నారు, అందులో నేనొకదాన్ని. నావల్లే మొదలైందట! దేనివల్ల మొదలైందో నీకూ నాకూ అమ్మకే తెలుసు. అమ్మ ఎవరికీ చెప్పదు. నువ్వూ నోరు జారకు.

నీ పిడుగు


మార్చి 24

చెల్లికి,

నువ్వు పంపకముందే ఆ ఫోటో చూశాను. మా విద్యార్థులు దాన్ని నోటీసు బోర్డు మీద అంటించారు, సరిగ్గా నా ఉపన్యాసం ప్రకటన మీద. ఒకమ్మాయి నా గదికొచ్చి, “ఈవిడ మీ చెల్లెలటగా మేడమ్, ఒక్కసారి తీసుకురారూ” అంది. చూద్దాంలే అన్నాను. ఆ వేళ నా ఉపన్యాసానికి పద్దెనిమిది మంది వచ్చారు. వాళ్ళలో ఇద్దరు వాన తగ్గేదాకా కూర్చున్నవాళ్ళు. నేను మాట్లాడిన విషయం “జనం ఎందుకు పోగవుతారు” అన్నది. నువ్వు నవ్వొచ్చు.

పత్రిక వెయ్యిమంది అని రాసింది. అది తప్పు. ఫోటో మీద గళ్ళు గీసి, గడికిన్ని తలలని లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు మంది. ఇది నా పని కాబట్టి చెప్తున్నాను, గాలి కబుర్లు నమ్మితే నష్టపోయేది నువ్వే.

చర్చలకి నువ్వు వెళ్ళొద్దని నా సలహా. అక్కడ కూర్చునేవాళ్ళు చదువుకున్నవాళ్ళు, మాటల్లో పడేస్తారు. కాజాలావిడని పంపు. గుంపు ముందుకి అనుకోకుండా వచ్చినవాళ్ళని గుంపు ఎంత తొందరగా ఎత్తుకుంటుందో అంత తొందరగా దించేస్తుంది. నా బీరువాల నిండా అలాంటివాళ్ళే ఉన్నారు.

ఫోటో దింపినందుకు నాకేం కోపం లేదు. గోడ మీది, ఇల్లు మీది. కానీ ఆ మేకు నేను కొట్టింది. పట్టా పుచ్చుకున్న రోజున అమ్మ ముక్కాలిపీట పట్టుకుంటే ఎక్కి కొట్టాను. వీధిలో అందర్నీ ఆపి చెప్పింది అప్పుడు కూడా.

అక్క


ఏప్రిల్ 1

అక్కా,

నాలుగు వందల పన్నెండు తలలు లెక్కపెట్టావు. బాగుంది. ఎడమపక్క చివర, నల్ల గొడుగు కింద, అదే ముక్కాలిపీట మీద కూర్చున్నది అమ్మ. ఎండలో రెండు గంటలు కూర్చుంది. ఆ తల నీ లెక్కలో పడిందా? పడే ఉంటుంది. ఎవరిదో మాత్రం చూడలేదు నువ్వు.

చదువుకున్నవాళ్ళు నన్ను మాటల్లో పడేస్తారని రాశావు. అమ్మ మంచాన పడ్డ ఏడాది బడి మానేసింది ఎవరో నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. నువ్వు సెలవులకి వచ్చి చదివి వదిలేసిన పుస్తకాలు, నువ్వు వెళ్ళాక అట్టలు తిప్పి చూసేదాన్ని. కుళ్ళు నీకొక్కదానికే ఉంటుందనుకోకు. నేను దాన్ని ఉత్తరాల్లో సలహాలుగా మార్చి పంపలేదు, అంతే తేడా.

కాజాలావిడనే పంపుదామని ముందు నేనే అన్నాను. “నాకు నోటి దురుసు, పని చెడుతుంది. నువ్వెళ్ళు” అంది. వచ్చే వారం నుంచి ఆవిడ సెలవులో ఉంటుంది, కూతురికి నెలలు నిండాయి. ఇరవయ్యో తారీకున చర్చలు. ఒక్కరోజు వచ్చి చూడు. మా వరుసలో నువ్వూ కూర్చో. లెక్కలు తర్వాత పెట్టుకుందువు గాని.

మేకు గొడవ ఏమిటో నాకు అర్థం కాలేదు.

పిడుగు


ఏప్రిల్ 10

పిడుగుకి,

నీ ఉత్తరం వేడి మీద రాసిందని నాకు తెలుసు, దానికి జవాబివ్వను. పరీక్షలు దగ్గర పడ్డాయి, రావడం కుదరదు.

ఒక మంచి కబురు. నిన్న ఆదివారం అనుబంధంలో నా వ్యాసం వచ్చింది, సగం పేజీ, పైన నా ఫోటోతో. “ఉద్యమం ఎక్కడ పుడుతుంది?” అని పేరు పెట్టాను. గుంపు కదలడానికి పెద్ద ఆశయం అక్కర్లేదనీ, ఎవరో కాలు నొప్పికి కూర్చున్నా దాన్ని అందరూ తిరుగుబాటుగా చదువుకోవచ్చనీ రాశాను. ఇన్నేళ్ళకి నా దగ్గర ఒక నిజమైన ఉదాహరణ ఉంది కదా. నీ పేరు లేదు, ఊరి పేరు లేదు, ఫ్యాక్టరీ పేరు లేదు. “చొక్కాలు కుట్టే ఒకానొక కార్మికురాలు, తెగిన చెప్పు” అని మాత్రమే ఉంది. నువ్వు నాకు రాసిన మాటల్లో రెండు వాక్యాలు కొటేషన్లలో పెట్టాను, చాలా సహజంగా ఉన్నాయని.

ముగ్గురు సహోద్యోగులు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. మా శాఖ పెద్దాయన నా గదిదాకా నడిచి వచ్చాడు, ఆయన ఎవరి గదికీ రాడు. అమ్మకి చదివి వినిపించు. ముక్క జతచేస్తున్నాను.

అక్క


ఏప్రిల్ 15

నీ ముక్క జతచెయ్యక్కర్లేకపోయింది. మొన్న పొద్దున్న ఫ్యాక్టరీ గేటుకి అంటించి ఉంది. ఒకటి కాదు, ఆరు. తలుపు పక్కన ఒకటి, మిషన్ల గదిలో రెండు, నీళ్ళ కుండీ దగ్గర ఒకటి, మిగతావి ఎక్కడున్నాయో అడగకు. ‘చొక్కాలు కుట్టే’ కింద ఎర్ర గీత, ‘తెగిన చెప్పు’ కింద రెండు ఎర్ర గీతలు. ఈ ఊళ్ళో చొక్కాల ఫ్యాక్టరీలు ఎన్నున్నాయనుకున్నావు? రోజూ కూర్చుంటున్న ఫ్యాక్టరీలు ఎన్నున్నాయనుకున్నావు?

భోజనాల వేళ నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కాలర్ల బల్ల దగ్గర పదహారేళ్ళుగా నాతో పనిచేసేదొకతె, “ఏదీ, ఆ చెప్పు చూపించు” అంది. అందరూ నవ్వారు. నవ్వు కాదది. సాయంత్రం వరుసలో అందరూ నిలబడే ఉన్నారు. నలభై నిమిషాలు, ఒక్కరూ కూర్చోలేదు. సూపర్‌వైజరు నన్ను చూసి, “కాళ్ళు నొప్పా అమ్మా, కుర్చీ వేయించమంటారా?” అన్నాడు.

చర్చలకి నన్ను పంపాలా వద్దా అని మళ్ళీ చెయ్యెత్తుతారట. నేను పోతే పోయాను, నాతోబాటు ఆ తలుపు కూడా పోతుంది.

నోరు జారకు అని రాశాను. నువ్వు జారలేదు. సగం పేజీలో తీరిగ్గా, కామాలు పెట్టుకుంటూ రాశావు.

అమ్మకి చదివి వినిపించమన్నావుగా, వినిపించాను. ఆఖరిదాకా వింది. “పెద్దది రాసిందా ఇది?” అని అడిగింది. అంతే.


ఏప్రిల్ 18

పిడుగుకి,

నేను అలా అవుతుందనుకోలేదు. పరిశోధనలో పేర్లు లేకుండా ఉదాహరణలు ఇవ్వడం మామూలే, అందరం చేస్తాం. పైగా వ్యాసం మొత్తం చదివితే అది మీ ఉద్యమాన్ని చిన్నబుచ్చడం లేదని తెలుస్తుంది. చిన్న కారణం నుంచి పెద్ద విషయం పుట్టడం గొప్పే కదా. ఎర్ర గీతలు గీసినవాళ్ళు మిగతా పేరాలు కావాలని వదిలేశారు.

మీ యాజమాన్యానికి గట్టిగా ఉత్తరం రాయమంటావా? విశ్వవిద్యాలయం కాగితం మీద రాస్తాను.

అక్క


మే 2

పిడుగా,

పధ్నాలుగు రోజులుగా రోజూ తపాలా పెట్టె చూస్తున్నాను. రెండుసార్లు ఫోన్ చేశాను, అమ్మ ఎత్తి “పనిలో ఉంది” అంది. తర్వాత వాతావరణం గురించి మాట్లాడింది. అమ్మ నాతో ఎండల గురించి మాట్లాడటం ఇదే మొదలు.

పోయిన ఉత్తరం చింపి పారెయ్. అందులో ఒక్క మాట కూడా నిజం కాదు. ఈ కాగితం మీద నిజం రాస్తాను, చదవకపోయినా సరే.

నోటీసు బోర్డు మీద నీ ఫోటో చూసినప్పుడు నాకు కడుపు మండింది. ఊరికే అనే మాట కాదు, నిజంగానే మండింది, మజ్జిగ తాగాను. జనం ఎందుకు కదులుతారని ఇరవై రెండేళ్ళు చదివాను. నా మాటకి ఎప్పుడైనా ఒక్క మనిషి లేచి నిలబడిందీ లేదు, కూర్చున్నదీ లేదు. నువ్వు ఒక్క పేజీ చదవకుండా బల్ల ఎక్కావు, చప్పట్లు కొట్టారు. అమ్మ వీధిలో అందర్నీ ఆపి చెప్పడం ఒకప్పుడు నాది. అది కూడా నీకు పోయింది. ఫోటో మీద గళ్ళు గీసింది నిజం కోసం కాదు. వెయ్యి కాదని తేలాలని గీశాను. నాలుగు వందల పన్నెండు వచ్చినప్పుడు హాయిగా అనిపించింది. నా చెల్లెలి వెనక ఉన్నవాళ్ళు సగం కూడా లేరని తేలితే నాకు హాయి! అది చూసుకుని కూడా ఆగలేదు.

వ్యాసం రాసేటప్పుడు నాకు తెలుసు. ‘చెప్పు’ అన్న మాట దగ్గర కలం ఆగింది. దాన్ని ‘కాలు నొప్పి’ అని మార్చి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మార్చలేదు. నీది ధైర్యం కాదు, చెప్పు తెగడమేనని ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని నాకు అనిపించింది. నీ పేరు రాయలేదని గొప్పగా చెప్పుకున్నాను. నా పేరు మాత్రం పైన పెద్ద అక్షరాల్లో వేయించుకున్నాను.

చర్చలు ఏమయ్యాయో పత్రికల్లో వెతికాను. ఏమీ లేదు. నీ ఉద్యోగం ఉందా? అదొక్కటీ రాయి.

అక్క


మే 9

అక్కకి,

ఉద్యోగం ఉంది. కూర్చుని చదువు, పొడుగ్గా రాస్తున్నాను.

చర్చలకి ముందు రోజు సాయంత్రం వరుసలో మళ్ళీ చెయ్యెత్తే పని పెట్టుకున్నారు. ఆ వేళే కాజాలావిడ సెలవు నుంచి వచ్చింది, మనవరాలు పుట్టిందట. గేటు మీద కాగితం చదివింది, కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివింది, వచ్చి తన చోట నిలబడింది. ఇక దాచి లాభం లేదని కాపలావాళ్ళ ముక్కాలిపీట ఎక్కి, “నిజమే, నా చెప్పు తెగింది. అందుకే కూర్చున్నాను. మీరందరూ ఇంకోలా అనుకుంటే చెప్పడానికి నోరు రాలేదు” అన్నాను. దిగిపోదామని కాలు కిందపెట్టాను.

అప్పుడు ఆవిడ, “దిగకు” అంది. “చెప్పు తెగిందని నాకు ఆ రోజే తెలుసు. పిన్నీసు ఇచ్చింది నేనేగా?”

అందరూ ఆవిడవైపు తిరిగారు. ఆ వేళ పిన్నీసు దేనికని ఆవిడ అడగలేదు, చీర చెంగుకనుకుందని ఇన్నాళ్ళూ నా నమ్మకం.

“చెప్పు తెగితే ఎవరైనా కూర్చుంటారు. పిన్నీసు పెట్టుకున్నాక లేస్తారు. నువ్వు లేవలేదు. సూపర్‌వైజరు మూడుసార్లు అరిచాడు, నిన్నే వేలు పెట్టి చూపించి అరిచాడు. కూర్చోవడానికి కారణం పేపర్లో వేశారు, బానే ఉంది. లేవకపోవడానికి కారణం ఏ పేపర్లో వేశారు?”

నేను చెప్పు వంక చూసుకున్నాను. ఆవిడే మళ్ళీ, “నా మోకాళ్ళు ముప్ఫయ్యేళ్ళుగా కూర్చుందామంటున్నాయి. ముందు ఎవరో ఒకరు కూర్చుంటే బావుండునని చూశాను. తనెందుకు కూర్చుందో నాకెందుకు? నేనెందుకు కూర్చున్నానో నాకు తెలుసు” అని, రుమాలు తీసి నేల తుడిచి, చక్కగా కూర్చుంది. ఆవిడ వెనకావిడ, “నాకు ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది, అందుకు కూర్చున్నా” అంది. ఇంకొకావిడ, “వాడు నా డబ్బా వాసన చూస్తాడు, ఒళ్ళు మండి కూర్చున్నా” అంది. అలా ఒక్కొక్కరూ చెప్పుకుంటూ కూర్చున్నారక్కా. చెప్పు చూపించమన్నదే, అది ఏమీ చెప్పలేదు. కానీ కూర్చుంది.

చర్చలు రెండు విడతలు నడిచాయి. రెండో తలుపు ఇస్తామని సంతకం పెట్టారు. వరుసలో ఉన్న సేపు పనిగంటల్లో కలపడం సంగతి ఇంకా తేలలేదు, తేలేదాకా కూర్చుంటాం.

ఇక మన సంగతి.

నీ మీద కోపం పోలేదు, పోయిందని అనుకోకు. కానీ తప్పులో నా వాటా కూడా ఉంది. ఆ పరుగు పందెంలో ఎవరూ పడిపోలేదు. నేనే ముందు పరుగెత్తాను. నేను ఏదైనా గెలిచి ఇంటికొస్తే నీ మొహం ఇంతైపోయేది, రెండు రోజులు మాట్లాడేదానివి కాదు. ఒకే పక్క, ఒకే దుప్పటి. నువ్వు అటు తిరిగి పడుకుంటే నాకు ఏడుపొచ్చేది. అందుకని ఒక సాకు తెచ్చి ముందు నీకే చెప్పేదాన్ని. పరుగు పందెంలో పిల్ల పడిపోయింది, బొమ్మల పోటీలో టీచరు రంగులు కలిపింది, ఎక్కాల పోటీలో ప్రశ్న తేలిక. నువ్వు వెంటనే నవ్వి ఇటు తిరిగేదానివి.

చెప్పు కూడా అలాంటిదే. నిజంగానే తెగింది, అది అబద్ధం కాదు. కానీ రెండు నిమిషాల్లో పిన్నీసు పెట్టుకున్న సంగతీ, లేవమని అరిచినా లేవని సంగతీ నీకు రాయలేదు. అదే మొదటిరోజు ఉత్తరంలో రాసుంటే నువ్వు నవ్వేదానివి కాదు. సగం దాచి నీకు నచ్చేలా రాశాను. నువ్వు ఆ సాకుని అచ్చు వేయించావు.

నీ పట్టా ఫోటో అమ్మ ఎందుకు దింపిందంటే, ముప్ఫై మంది తిరిగే గదిలో ఎవరి భుజమో తగిలి అద్దం పగులుతుందని. తలగడ పక్కన పెట్టుకుంది. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి మరీ చూపిస్తుంది. కాజాలావిడకి ఇప్పటికి నాలుగుసార్లు చూపించింది. నీ మేకు ఉత్తరానికి అప్పుడే ఈ జవాబు రాయొచ్చు. రాయలేదు. ఎందుకు రాయలేదో అడక్కు.

జూన్ మొదటి సోమవారం సాయంత్రం కొత్త తలుపు తెరుస్తారు.

నీ చెల్లి


మే 14

పిడుగా,

నీ ఉత్తరం అందాక ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను. పిల్లల్ని పంపించేసి గదిలో కూర్చున్నాను.

అనుబంధానికి సవరణ పంపాను. ఆ ఉదాహరణలో సగమే ఉందనీ, మిగతా సగం అడక్కుండా రాశాననీ. నాలుగు వాక్యాలు, ఫోటో లేకుండా, క్రీడావార్తల కింద వేశారు. ముక్క జతచేస్తున్నాను, గేటుకి అంటించుకోండి.

జూన్‌లో వస్తున్నాను. అసూయ పోయిందని అబద్ధం చెప్పను. నీ ఉత్తరం చదువుతుంటే కూడా, ఆ ముక్కాలిపీట మీద నువ్వు నిలబడ్డ చోట, కొంచెం మండింది. దాన్నీ వెంటబెట్టుకునే వస్తాను, వదిలి రమ్మంటే రావడం కుదరదు. వరుసలో నాకు చోటుంచు, కాజాలావిడ వెనకైతే మంచిది.

పదకొండు ప్రశ్నల కాగితం చింపేశాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. వ్యాసానికి కాదు, ఒట్టు. కాజాలావిడ అడిగినా నువ్వు జవాబు చెప్పలేదు కాబట్టి అడుగుతున్నాను. పిన్నీసు పెట్టుకున్నాక, లేవమని వాడు నీ మీద అరుస్తుంటే, ఏమనుకుని కూర్చుండిపోయావు?

అక్క


మే 18

అక్కకి,

కార్డు మీద రాస్తున్నాను, చోటు తక్కువ. ఈసారి సాకుల్లేవు.

పిన్నీసు పెట్టుకుని వెనక్కి చూశాను. అందరూ కూర్చుని ఉన్నారు. వాడు నావైపే వేలు చూపించి అరుస్తున్నాడు. తలుపు గుర్తు రాలేదు, పనిగంటలు గుర్తు రాలేదు. మా అక్క ఇప్పుడు నన్ను చూస్తే ఎంత కుళ్ళుకుంటుందో అనుకున్నాను.

ఇక లేవబుద్ధి కాలేదు.

నీ పిడుగు